నా కడుపులో గోరువంకలు

మగ్గం గుంటల్లో చేపలు పడ్డ ఏడాది అది. మా వీధిలో ఏళ్లను అలాగే చెప్పుకుంటారు. కాలవ కట్ట తెగి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. నేతగాడు కాళ్లు దించుకుని కూచునే గుంట ప్రతి ఇంట్లోనూ ఉంటుంది గదా, వీధిలో నీళ్లు పోయినా ఆ గుంటల్లోవి పోలేదు. చెంబులతో తోడితే అడుగున పరిగెలు, జెల్లలు ఎగిరాయి. ఆ పూట వీధంతా చేపల పులుసు వాసన. మగ్గం మాత్రం ఒక్కటీ ఆడలేదు.

నేను ఒక పాత కంప్యూటర్ని. మాట తక్కువ. చదువూ తక్కువే. ఇప్పుడొచ్చే వాటితో పోలిస్తే మూడో తరగతిలో బడి మానేసినట్టు లెక్క. నేర్పింది చేస్తాను, చేసింది దాచుకుంటాను.

నా ఒళ్లంతా ఒక చోట పుట్టింది కాదు. పెట్టె ఒక దేశానిది, లోపలి పలక ఇంకో దేశానిది, ఫ్యాను ఎక్కడిదో దానికే తెలియదు. గుంటూరులో ఒక మేడగదిలో ఒకాయన మరలు బిగించి నన్నొక ఆకారానికి తెచ్చాడు. మొదట శుభలేఖలు వేసే ప్రెస్సులో ఉన్నాను. పెళ్లివాళ్లు నా ముందు కూచుని ఎవరి పేరు పైన ఉండాలో పోట్లాడుకునేవాళ్లు. పెళ్లికొడుకు పేరులో అక్షరం పోతే ఎవరూ చూసుకునేవాళ్లు కారు. మేనమామ పేరు ఒక వరస కిందికి జారితే మాత్రం లేఖలన్నీ మళ్లీ వేయాల్సిందే. ఆ తర్వాత కంప్యూటర్ నేర్పే సెంటరుకు పోయాను. అక్కడ పిల్లలు నా దగ్గర నేర్చుకున్నది పేకాట. సెంటరు మూతపడ్డాక గోడవార బూజు పట్టి ఉంటే సోమలింగం రిక్షాలో వేసుకుని ఈ వీధికి తెచ్చాడు. దారి పొడుగునా ఒక చెయ్యి నా మీదే ఉంచాడు, సంతలో దూడను కొనుక్కొచ్చేవాడిలాగా.

సోమలింగం అట్టలు కొట్టే మనిషి. చీర కొంగులో పిట్టో పువ్వో రావాలంటే మగ్గం మీద జకార్డు పెట్టె ఉండాలి. ఆ పెట్టెకి చిల్లులు పొడిచిన అట్టల దండ తగిలించాలి. ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో ఆ చిల్లులే చెబుతాయి. బొమ్మను నా తెర మీద గళ్లుగళ్లుగా గీసేది ఆయన కోడలు శేషారత్నం. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే ఆమె ఇంట్లో కూచుని నా మీద పూలు పూయిస్తుంది. ఆ గళ్లను చూసి చిల్లులు కొట్టేది సోమలింగం. ఎర్రగడికి కొడతాడు, తెల్లగడికి వదిలేస్తాడు. ఆయనా మూడో తరగతే, మాటా నాలాగే. పొద్దస్తమానం ఎదురెదురుగా కూచున్నా మా మధ్య టక్కు టక్కు మనే చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. నాకంత బాగా కుదిరిన యజమాని మరొకడు లేడు.

ఒక్క దాంట్లో ఆయన మొండి. నాలో ఉన్న బొమ్మ ఏదీ గడప దాటకూడదు. అంతకుముందెప్పుడో శేషారత్నం గీసిన తాబేళ్ల కొంగును ఎవరో పెన్‌డ్రైవులో ఎక్కించుకుపోతే, మన మగ్గం మీంచి మొదటి చీర దిగకముందే మరమగ్గం తాబేళ్లు బజారులో వేలాడాయి. అప్పటినుంచి పెన్‌డ్రైవు పేరెత్తితే చాలు, ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. అందుకని ఈ వీధి కొంగులన్నీ నాలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

వరద వచ్చిన పూట నన్ను అటకెక్కించింది ఎదురింటి వీరరాఘవులు. సోమలింగాన్ని బాబాయ్ అంటాడు, కొడుకు వరసే. నన్ను పైకి తోసి తన ఇంటికి పరిగెత్తి, పడుగును, నేసిన చీరను మగ్గం నుంచి ఎత్తి దూలానికి కట్టుకున్నాడు. ఆ కంగారులో అట్టల దండను మరిచాడు. మగ్గం పక్కన వేలాడే ఆ దండ నీళ్లలో నాని అప్పడాల్లా ఉబ్బింది. చిల్లులు పూడుకుపోయాయి.

అది గోరువంకల కొంగు. శేషారత్నం అంత కష్టపడి గీసింది ఇంకోటి లేదు. నేత ఎక్కడ ఆగిందంటే, గోరువంకలకి కాళ్లొచ్చాయి, తోకలొచ్చాయి, పొట్టలొచ్చాయి. తలలు రాలేదు.

రాఘవులు మళ్లీ పడుగును మగ్గానికి ఎక్కించుకుని, తడి గుంట గట్టున కూచుని, తలల్లేని పిట్టల్ని చూసి చూసి ఒకనాడు మా ఇంటికొచ్చి చెప్పాడు.

"బాబాయ్, దారం మిల్లుకి కూలోళ్లని ఎక్కించుకునే వ్యాను దసరా మర్నాడు పొద్దున్నే వీధి మొగకి వస్తంది. దసరా పొద్దుగుంకేలోపు అట్టలు చేతికొస్తే కూచుంటా. రాకపోతే పడుగు కోసేసి వ్యానెక్కుతా. ఇంట్లో పొయ్యి వెలగాలిగా."

సగం నేసిన పడుగును కొయ్యడమంటే మా వీధిలో బతికున్న మనిషికి పాడె కట్టినట్టు. కోసినవాడు మళ్లీ మగ్గం దగ్గరికి రాడు. అట్లా పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. సోమలింగం తల ఊపాడు.

ఇక నా సంగతి. వరద పోయిన చాన్నాళ్లకు గానీ కరెంటు రాలేదు. వచ్చిన రోజున శేషారత్నం బాపట్ల నుంచి ఫర్జానాను పిలిపించింది. పాత కంప్యూటర్లు బాగుచేసే మనిషి. స్కూటీ మీద వస్తుంది, వచ్చిన దగ్గర్నుంచి నోరు మూయదు. నా పక్క తలుపు ఊడదీసి, తేమ తుడిచి, లోపలున్న మెమరీ పట్టీలు రెండూ పీకి, వాటి బంగారుపళ్లు రుద్ది మళ్లీ గుచ్చింది. సోమలింగం పక్కనే నిలబడి చూశాడు.

"దీంట్లో ఏముంటది పాపా?" అన్నాడు. ఆయన అడగడమే అబ్బురం.

"జ్ఞాపకం తాతా. ఇది లేకపోతే నీ డబ్బాకి తన పేరు కూడా గుర్తుండదు."

నిజం చెప్పాలంటే నాకు జ్ఞాపకాలు రెండు. ఒకటి పెట్టె అడుగున మడతపెట్టిన చీరలాంటిది. కరెంటు పోయినా ఉంటుంది. గోరువంకలు అందులోనే ఉన్నాయి. రెండోది ఈ పట్టీలు. అవి పడుగు మధ్య దారాన్ని మోసుకుంటూ అటూ ఇటూ ఆడే నాడె లాంటివి. ఇంటినిండా దారం ఉన్నా నాడె లేకుండా ఒక్క పేక పడదు గదా. ఇదంతా ఫర్జానా చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఆ రోజు నేను బాగానే లేచాను, నా పాట నేను పాడుకున్నాను. గోరువంకలు తెర మీదికి వచ్చాయి. మర్నాడు ఆయుధ పూజ. పూజనాడు పనిముట్టుతో పని చెయ్యరు. "దసరా పొద్దున్నే మొదలుపెడదాం మావయ్యా, పొద్దుగుంకేలోపు తలల వరకు అయిపోతాయి" అంది శేషారత్నం.

ఏటా ఆయుధ పూజకి నాకు బయట పెట్టె మీద ఒక బొట్టు పెట్టేవాళ్లు. ఆ ఏడు సోమలింగానికి నా మీద ఎక్కడ లేని ప్రేమ వచ్చింది. అంత నీళ్లొచ్చినా నేను బతికి బయటపడ్డాను మరి. కోడలు పిండివంటల్లో ఉంటే ఆయన ఒక్కడే నా పక్క తలుపు తీశాడు. పసుపు తడిపి తెచ్చాడు, కుంకుమ తెచ్చాడు. మగ్గానికి పూజ చేసేటప్పుడు నాడెను ఊడదీసి, కడిగి, బొట్టు పెట్టి మళ్లీ ఎక్కిస్తారు. అచ్చుకీ కొయ్యకీ దేని బొట్టు దానికే. ఆయన కూడా అట్లాగే ఫ్యానుకి పెట్టాడు, పలకకి పెట్టాడు, బొత్తాం అంత సెల్లుకి పెట్టాడు. ఆఖరికి క్లిప్పులు ఒత్తి పట్టీలు రెండూ పీకి, వాటి బంగారుపళ్లకి తడి పసుపు రాసి, మధ్యలో కుంకుమ అద్ది, కళ్లకద్దుకుని మళ్లీ గుచ్చాడు. క్లిప్పు సరిగ్గానే పడింది.

ప్రేమగా చేసింది. నేనేమనగలను? అనడానికి నోరు ఎక్కడిది?

దసరా పొద్దున్న శేషారత్నం స్నానం చేసి వచ్చి నా బొత్తాం నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. నాలో ఒక చిన్న కూత ఉంటుంది, లేచేటప్పుడు ఏదైనా దొరక్కపోతే కూస్తాను. నాకున్న భాష అదొక్కటే. నాడె కోసం చెయ్యి చాచాను. దొరకలేదు. పొడుగ్గా కూశాను. మళ్లీ కూశాను.

ఆమె ఆపి మళ్లీ నొక్కింది. అదే కూత. ప్లగ్గు పీకి, బొత్తాం కాసేపు అదిమిపట్టి, మళ్లీ పెట్టింది. అదే కూత. తెర తీగ ఊడదీసి మళ్లీ బిగించింది. ఆమె జాకెట్టు చెమటకి తడిసిపోయింది.

ఈలోపు రాఘవులు వచ్చి గడపలో నిలబడ్డాడు. "ఏంది శేషూ, రైలు ఇంట్లోకే తెచ్చారా?" అన్నాడు.

"లేవడం లేదు బావగారూ."

ఆయన మొహంలో నవ్వు పోయింది. గడప మీదే చతికిలబడ్డాడు.

సోమలింగం నా దగ్గరికొచ్చి, పెట్టె మీద చెయ్యి పెట్టి, "చెమ్మ ఇంకా ఉందేమో" అన్నాడు. కాసేపాగి, "ఇంకోసారి బొట్టు పెట్టనా?" అన్నాడు.

నా ఫ్యాను ఆగినంత పనైంది. శేషారత్నం అప్పటికే ఫోను అందుకుంది కాబట్టి ఆ గండం తప్పింది.

పండగ పూట ఫర్జానా వస్తుందో రాదో అనుకున్నారు. ఎండ నెత్తికెక్కేవేళకి వచ్చింది. "మొన్న పాడిన మనిషి ఇవాళ మూలుగుతున్నాడేంది? పిండివంటలు ఎక్కువయ్యాయా?" అంటూ నన్ను లేపింది. కూత వినగానే ఆమె మొహం మారింది. "మెమరీ ఏడుపక్కా ఇది. మొన్నేగా తుడిచాను" అంటూ పక్క తలుపు తీసింది.

తీసి, అట్లాగే ఆగిపోయింది. ఫ్యాను మీద బొట్టు. పలక మీద బొట్టు. ఒక పట్టీని మెల్లగా పీకి వెలుతురులో పట్టుకుంది. బంగారుపళ్లు పసుపచ్చగా, మధ్యలో ఎర్రగా, ఎండి పొలుసులు కట్టి ఉన్నాయి.

నోరు మూయని మనిషి నోరు మూసింది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే" అన్నాడు సోమలింగం.

"లోపలెందుకు పెట్టావు తాతా?"

"నాడెకి పెట్టమా? బయట చెక్కకి పెడితే నాడెకి పెట్టినట్టా?"

రాఘవులు గడప మీంచి అన్నాడు, "బాబాయ్, వరదలో నా నాలిక కూడా తడిసింది. దానికీ ఓ బొట్టు పెట్టు. రేపట్నుంచి మిల్లులో దానితో పనేం ఉండదు." నవ్విద్దామనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

సోమలింగం వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన చేతులు మాత్రం చూశాను. కుంకుమ ఎరుపు గోళ్ల సందుల్లో ఇంకా ఉంది. ఆ వేళ్లను పంచెకి తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటున్నాడు.

ఫర్జానా నేల మీద గోనెపట్టా పరిచి కూచుంది. దూదిని స్పిరిట్‌లో ముంచి పళ్లు తుడిచింది. పలకలో పట్టీలు గుచ్చే గాడిలోకి పసుపు దిగింది. దాన్ని పాత పళ్లబ్రష్షుతో గీకింది. పిల్లలు పెన్సిలు గీత చెరుపుకునే రబ్బరుతో ఒక్కో పన్ను రుద్దింది. ఒక పట్టీ గుచ్చి లేపితే కూత. తీసి రెండో గాడిలో పెడితే కూత. రెండో పట్టీని మొదటి గాడిలో పెట్టింది. కూత. బొత్తాం నొక్కిన ప్రతిసారీ శేషారత్నం కళ్లు మూసుకునేది. కూత రాగానే తెరిచేది.

"ఒక పట్టీ కాలిపోయింది. తడి మీద కరెంటు పోయిందిగా" అంది ఫర్జానా. మిగిలింది ఒక పట్టీ, పెట్టి చూడని గాడి ఒకటి. ఆ పట్టీని మళ్లీ రుద్దింది, గాడిని ఊదింది. "సెల్లుకి కూడా పూజ చేశావు తాతా, తుప్పు దిగింది" అంటూ సెల్లు పీకి కొత్తది పెట్టింది. పట్టీని ఆఖరి గాడిలో రెండు బొటనవేళ్లతో అదిమింది.

బొత్తాం నొక్కింది. నేను చెయ్యి చాచాను. నాడె తగిలింది.

కూత రాలేదు. తెర వెలిగింది. శేషారత్నం నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. రాఘవులు గడప మీంచి లేచాడు. కానీ నాకు తెలుసు, పని కాలేదు. లేచాను, గుర్తు బొమ్మ వేశాను, ఇంక లోపలికి పోయి తాళం తీద్దామనుకునేసరికి తలుపు వేరేగా ఉంది. నీలంగా ఒక్క మెరుపు మెరిసి పడిపోయాను. నాకై నేనే మళ్లీ లేచాను. మళ్లీ పడ్డాను. లేవడం, పడడం. దెయ్యం పట్టినట్టు అదే పని.

లోపల డిస్కు టిక్కు టిక్కుమంది. ఫర్జానా చటుక్కున ప్లగ్గు పీకేసింది. "ఇట్టా పడి లేస్తుంటే డిస్కు పోద్దక్కా. పాత డిస్కు."

"గోరువంకలు దాంట్లోనేగా."

"దాంట్లోనే." కాసేపు గోళ్లు కొరికింది. "ఇదంతా తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే మిషను లేస్తది. బొమ్మలుండవు."

శేషారత్నం ఆమె మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

పొద్దు వీధి అవతలి కప్పుల మీదికి జారింది. రాఘవులు లేచి చెప్పులేసుకున్నాడు. "పాపం మీరేం చేస్తారు. ఆ డబ్బాకీ రోజులు చెల్లినయ్యి, మగ్గానికీ చెల్లినయ్యి. పోయి పడుగు కోసుకుంటా. చీకటి పడితే ఏది ఎక్కడ కోస్తానో కూడా తెలవదు" అన్నాడు.

ఎవరూ ఆపలేదు. ఆయన వీధి దాటాడు. నా కిటికీలోంచి వాళ్ల మగ్గం సగం కనపడుతుంది. ఆయన ఇంట్లోకి పోయి కత్తెర వెతుక్కుంటున్న చప్పుడు వినపడింది.

అప్పుడు సోమలింగం గోడ వదిలాడు. తువ్వాలు దులపలేదు, భుజాన వేసుకోలేదు. మెట్లు దిగి వీధి దాటి, చెప్పుల్లేని కాళ్లతో తిన్నగా రాఘవులింట్లోకి పోయాడు. పోయి ఆ తడి గుంటలోకి కాళ్లు దించి నేతగాడు కూచునే చోట కూచున్నాడు. చేతులు రెండూ పడుగు మీద పరిచాడు. తలల్లేని గోరువంకలు ఆయన ముంజేతుల కింద ఉన్నాయి.

రాఘవులు కత్తెరతో వచ్చి నిలబడ్డాడు.

"లే బాబాయ్."

సోమలింగం లేవలేదు.

"చేతులు తియ్యి. పెద్దాడివి, నీ మీద చెయ్యి వేయించుకోకు."

ఆయన చేతులు తియ్యలేదు. గుంటలో ఊట ఇంకా ఉంది. పంచె తడుస్తూ ఉంది.

"ఎంతసేపు కూచుంటావు? తెల్లార్లూ కూచుంటావా?"

"కూచుంటా" అన్నాడు సోమలింగం.

ఇక్కడ మా ఇంట్లో ఫర్జానా నా ఎదుట బాసింపట్టు వేసుకుని నేల చూస్తోంది. శేషారత్నం కిటికీ దగ్గర నిలబడి, "మొన్న బాగా లేచిందిగా. నువ్వేం మార్చావు ఇవాళ? పట్టీ తప్ప ఇంకేమన్నా మార్చావా?" అంది. కసిరినట్టు కాదు. నేసేటప్పుడు పోగు ఎక్కడ తెగిందో వెనక్కి వెనక్కి చూసుకుంటారు చూడండి, అట్లా అడిగింది.

"పట్టీ మార్చాను, సెల్లు..." అని ఫర్జానా ఆగిపోయింది. అరచేత్తో నుదురు కొట్టుకుంది. "సెల్లు తీస్తే దీని పాత అలవాట్లన్నీ పోతాయక్కా. డిస్కుని ఏ పద్ధతిలో చదవాలో కూడా మరిచిపోయింది. కొత్త పద్ధతిలో తలుపు తట్టుతోంది, లోపలున్నది పాత తాళం. ఇది తాత తప్పు కాదు, నాది."

అదే నేను చెప్పాలనుకున్నది. లేచిన ప్రతిసారీ నా తారీఖు నేను పుట్టిన ఏటి జనవరి ఒకటని తెర మూలన వేస్తూనే ఉన్నాను. పసిపిల్లాడినైపోయానని అంతకంటే ఎట్లా చెప్పేది?

ఆమె ప్లగ్గు పెట్టి, నేను లేస్తుండగానే మీట నొక్కి నా అలవాట్లన్నీ రాసుండే లోపలి అరలోకి పోయింది. ఇంగ్లీషు వరసలు కిందికీ పైకీ జరిపి, డిస్కు దగ్గర ఆగి, కొత్త పద్ధతి తీసేసి పాతది పెట్టింది. "యా అల్లా" అని గొణిగి, దాచి, బయటికొచ్చింది.

లేచాను. గుర్తు బొమ్మ వేశాను. మెరుపు మెరిసే చోటికి వచ్చాను. శేషారత్నం కిటికీ చువ్వ పట్టుకుంది. సగం జ్ఞాపకంతో నడక గదా, అక్కడ చాలాసేపు ఆగాను. డిస్కు ఒకసారి టిక్కుమంది. తలుపు తోశాను. తెరుచుకుంది.

నేను లేవగానే పాడే పాట ఒకటుంది. నాలుగు స్వరాలు, అంతే. ప్రెస్సులో ఎవరూ వినలేదు, సెంటరులో పిల్లలు విసుక్కునేవాళ్లు. ఆ సాయంత్రం ఆ నాలుగూ పాడాను. వీధి ఇరుకు. వీధి అవతల గుంటలో కూచున్న మనిషికి వినపడింది.

సోమలింగం తల ఎత్తాడు. రాఘవులు కత్తెర కిందికి దించాడు.

"ఏం పాట బాబాయ్ అది?"

"మనదే" అని ఆయన పడుగు మీంచి చేతులు తీసి, గుంట గట్టు పట్టుకుని లేచాడు. మోకాళ్లు పట్టేశాయి. రాఘవులే చెయ్యి అందించాడు.

తెర మీద గోరువంకలు తలలతో సహా ఉన్నాయి. తడి పంచెతోనే సోమలింగం నా ఎదురుగా కూచున్నాడు. ఎర్రగడి, టక్కు. తెల్లగడి, వదిలేయి. కొట్టిన అట్టల్ని శేషారత్నం దారంతో కుడుతుంటే రాఘవులు అంచులు పట్టుకున్నాడు. తలల వరస మొదటి అట్టలు దీపాల వేళకి ఆయన చేతిలో పడ్డాయి.

ఫర్జానా సామాను సర్దుకుంటూ అంది, "తాతా, ఒక పట్టీ మీద, ముసలి డిస్కు మీద నడుస్తోంది ఇది. ఏ రోజు ఆగిపోద్దో చెప్పలేను. బొమ్మలు ఇంకోచోట దాచుకో. నా మాట విను."

పెన్‌డ్రైవు పేరు ఎత్తకుండా అంది. అయినా అందరం ఆయన వైపు చూశాం. ఆయన తువ్వాలు భుజాన వేసుకుంటాడనుకున్నాం. వేసుకోలేదు. అట్ట మీద చిల్లు కొట్టి, "శేషమ్మా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. కోడలికి అర్థమైంది. ఫర్జానా సంచిలోంచి ఒక పెన్‌డ్రైవు తీసి ఆమె చేతిలో పెట్టింది. గోరువంకలు నాలోంచి మెల్లగా దాంట్లోకి పోయాయి. నాలోనూ ఉన్నాయి. రెండు చోట్ల ఉండడం ఎట్లా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. పెద్ద తేడా ఏం లేదు. కొంచెం బరువు దిగినట్టుంది.

ఆ పట్టీతోనే ఇప్పటికీ లేస్తున్నాను. మెల్లగా లేస్తాను. తొందరపడితే శేషారత్నమే, "ఉండు, డబ్బా ముసలిది" అని నా తరఫున మాట్లాడుతుంది. మనుషులు విచిత్రం. ప్రేమ ఎక్కువైతే లోపలి దాకా వచ్చి బొట్టు పెడతారు. అప్పుడు మనమే కాస్త ఓర్చుకోవాలి.

మర్నాడు పొద్దున సోమలింగం స్నానం చేసి, కుంకుమ భరిణె తీసి, పెన్‌డ్రైవు మూతకి బొట్టు పెట్టాడు. మూతకి మాత్రమే. వీధి మొగలో మిల్లు వ్యాను హారను కొడుతోంది. ఎదురింట్లో మగ్గం అప్పటికే ఆడుతోంది. ఆయన వీధి దాటి, గుంటలో కాళ్లు దించుకుని కూచున్న రాఘవులు ముందు పెన్‌డ్రైవు పెట్టి, "ఒకింట్లోనే ఉంటే ఒక్క వరదకి పోతయ్యి. నీ దగ్గరుంచు" అన్నాడు. ఇచ్చినవాడు మళ్లీ తీసుకున్నాడు. మూత ఊడదీసి, లోపలి పళ్లను కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, ఉఫ్ అని ఒకసారి ఊది, మూత పెట్టి రాఘవులు చేతిలో పెట్టాడు.